గట్టుకు గండి కొట్టని పైథాన్

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహంలో చెప్పాలంటే 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. లంక గ్రామాల్లో వానాకాలం ఈ అంకెలు చంటిపిల్లలకు కూడా కంఠతా వచ్చేస్తాయి. వీటితో ఓ చిన్న పైథాన్ ప్రోగ్రాం రాద్దామనుకోండి. తూర్పు డెల్టాకు ఒక మాడ్యూలు, మధ్య డెల్టాకు ఒకటి, పశ్చిమ డెల్టాకు ఒకటి. ఎన్నో హెచ్చరిక దగ్గర కేక వెయ్యాలో, నివేదిక ఏ ఫైల్లో రాయాలో కమాండ్ లైన్‌లో టైపు చేస్తాం. ఆ మాట మూడు మాడ్యూళ్లకూ ఎలా అందాలి? ఇదేం పెద్ద విషయమా అనకండి. ప్రోగ్రాం రాసినవాడి పనితనం నేను ముందు ఇక్కడే చూస్తాను.

టైపు చేసిందంతా సిస్ మాడ్యూల్లోని ఆర్గ్‌వీ అనే జాబితాలో వచ్చి పడుతుంది. దాన్ని ఏ మాడ్యూలైనా తెరిచి చూడొచ్చు, పైథాన్ అడ్డు చెప్పదు. పని తెలిసినవాడు మాత్రం మెయిన్ ఫంక్షన్‌లో ఒక్కసారి చదివి, తేలిన విలువల్ని మిగతావాళ్లకు పంచుతాడు. కాటన్ దొర ఆనకట్ట కట్టినప్పటినుంచీ డెల్టాకు నీళ్లు హెడ్ స్లూయిజుల దగ్గర వదిలితే కాలవల్లో వస్తున్నాయి గానీ, ఎవడి చేను కోసం వాడు గోదావరి గట్టుకు గండి కొట్టుకోడు కదా. మాడ్యూలు ఆర్గ్‌వీలో చెయ్యి పెట్టడమంటే గండి కొట్టడమే.

కమాండ్ లైన్ చదివిపెట్టే పార్సర్ల చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. యూనిక్స్ వారసత్వంగా గెట్‌ఆప్ట్ వచ్చింది. గ్రెగ్ వార్డ్ రాసిన ఆప్టిక్ 2003లో పైథాన్ 2.3తో ఆప్ట్‌పార్స్ పేరు పెట్టుకుని లోపలికొచ్చింది. తర్వాత స్టీవెన్ బెథార్డ్ ఆర్గ్‌పార్స్ 2010లో పైథాన్ 2.7లో చేరింది. అంతే. నేను చెప్పదలుచుకున్నది బెథార్డ్ పనితనం గురించి.

ఆయన పార్సర్‌కు పేరెంట్స్ అని ఒక వెసులుబాటు పెట్టాడు. అందరికీ కావలసిన ఆప్షన్లు, అంటే హెచ్చరిక స్థాయి, నివేదిక ఫైలు, వివరంగా చెప్పాలా వద్దా వంటివి, ఒక తల్లి పార్సర్‌లో పెడతాం. తూర్పు, మధ్యమ, పశ్చిమ అనే ఉపకమాండ్ల పార్సర్లు దాన్ని పేరెంట్స్‌గా చూపిస్తే ఆ ఆప్షన్లన్నీ వాటికీ వచ్చేస్తాయి. ఒకచోట రాసింది మూడుచోట్ల పలుకుతుంది. తల్లి పార్సర్‌కు యాడ్ హెల్ప్ ఫాల్స్ అని చెప్పడం మరిచిపోకూడదు. మరిస్తే హెల్ప్ ఆప్షన్ తల్లిలో ఒకటి, పిల్లలో ఒకటి అయి రెండూ కొట్టుకుంటాయి, పార్సర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇంకో సొగసు చూడండి. మెయిన్ ఫంక్షన్‌కు ఒక జాబితా తీసుకునే అవకాశమిచ్చి, దాని డిఫాల్టు నన్ అని పెట్టి, దాన్నే పార్స్ ఆర్గ్స్‌కు అందిస్తే, ఏమీ ఇవ్వనప్పుడు ఆర్గ్‌పార్స్ తనే ఆర్గ్‌వీ చూసుకుంటుంది. టెస్టు రాసేటప్పుడు మనకు నచ్చిన జాబితా ఇచ్చుకోవచ్చు. ఒక్క లైను కూడా పెరగదు! ఇలాంటిది చూసినప్పుడు భలే అనకుండా ఉండలేను.

వినయ్ సాజిప్ లాగింగ్ మాడ్యూలు ఈ విద్యకు పరాకాష్ఠ. ప్రతి మాడ్యూలూ తన పేరుతో ఒక లాగర్ అడిగి తీసుకుంటుంది. ఎంత గట్టిగా మాట్లాడాలో, ఎక్కడ రాయాలో మెయిన్ ఒక్కసారి నిర్ణయిస్తుంది. పశ్చిమ డెల్టా మాడ్యూలుకు కమాండ్ లైన్ అనేది ఒకటుందని కూడా తెలియనక్కర్లేదు. అయినా అందరూ ఒకే మాట మీద ఉంటారు.

అందరికీ అందేలా కాన్ఫిగ్ అనే మాడ్యూలు ఒకటి పెట్టుకోవడం పాత పద్ధతి. పైథాన్ డాక్యుమెంటేషన్ ప్రశ్నోత్తరాల్లోనే ఉందది. మాడ్యూలును ఎందరు ఇంపోర్ట్ చేసినా దాని కోడు నడిచేది ఒక్కసారే, తర్వాత అందరికీ అదే వస్తువు దొరుకుతుంది. ఇక్కడే ఒక మాయ ఉంది. కాన్ఫిగ్‌లో స్థాయి 1 అని ఉంది. తూర్పు మాడ్యూలు కాన్ఫిగ్‌ను మొత్తంగా ఇంపోర్ట్ చేసి, కావలసినప్పుడల్లా కాన్ఫిగ్ చుక్క స్థాయి అని అడుగుతుంది. పశ్చిమ మాడ్యూలు ఫ్రం వాడి స్థాయిని మాత్రమే తెచ్చుకుంది. మెయిన్ కమాండ్ లైన్ చదివి కాన్ఫిగ్‌లో స్థాయిని 2 చేసింది. తూర్పుకు 2 కనిపిస్తుంది, పశ్చిమం దగ్గర పాత 1 అలాగే ఉండిపోతుంది. ఒకే ఏరు, ఒకే పూట, కుడిగట్టున 10 లక్షలకే కేక, ఎడమగట్టున 13 లక్షల దాకా మౌనం. పైథాన్ నుంచి ఎర్రరు రాదు, హెచ్చరికా రాదు. ఫంక్షన్ పారామీటర్‌కు డిఫాల్టుగా కాన్ఫిగ్ విలువ పెట్టినా ఇదే తంతు. డిఫాల్టును లెక్కగట్టేది డెఫ్ లైను నడిచినప్పుడు, అంటే ఇంపోర్ట్ వేళ. కమాండ్ లైన్ చదవడం అప్పటికింకా మొదలే కాదు.

అందుకే నేను ఇంకో అడుగు ముందుకేసిన పద్ధతి వైపు. చదివిన విలువల్ని ఎరిక్ స్మిత్ పుణ్యమా అని పైథాన్ 3.7లో వచ్చిన డేటాక్లాస్‌లో పోసి, ఫ్రోజెన్ అని బిగించి, ఫంక్షన్లకు చేతికివ్వాలి. ఎవడైనా మధ్యలో మార్చబోతే పైథానే చెయ్యి పట్టుకుంటుంది. అర్మిన్ రొనాచర్ లైబ్రరీ క్లిక్‌ను మెచ్చుకునేవాళ్లు కాంటెక్స్ట్ అంటారు, డెకరేటర్లంటారు. ఆయన చేయి తిరిగినవాడే, కాదనను. ఫంక్షన్ నెత్తిన నాలుగు డెకరేటర్లు పేరిస్తే విలువ ఎటునుంచి వచ్చిందో వెతుక్కోవాలి, నాకు రుచించదు. గూగుల్ వాళ్ల లైబ్రరీ ఆబ్‌సెల్‌లో ప్రతి మాడ్యూలూ తన ఫ్లాగు తనే ప్రకటించుకోవచ్చు. పార్స్ కాకముందే విలువ అడిగితే మాత్రం ఎర్రర్ ఇస్తుంది, ఆ క్రమశిక్షణకు దండం పెడతాను.

మన భాషలో ఆప్షన్లు పెట్టుకోవచ్చని ఎందరికి తెలుసు? పైథాన్ 3లో పేర్లు తెలుగులో రాయొచ్చు, ఆర్గ్‌పార్స్ కూడా ఒప్పుకుంటుంది. రెండు అడ్డగీతలు పెట్టి స్థాయి 2 అని తెలుగులోనే కొట్టొచ్చు. చిక్కల్లా పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా కీబోర్డు చొప్పించే కనిపించని గుర్తుతోనే. ఆర్గ్‌పార్స్ అని రాశాను చూడండి, గ్ తర్వాత అదుంది. వేరియబుల్ పేరులో అది పడితే పైథాన్ మింగదు. మట్టం, స్థాయి, నివేదిక వంటి పేర్లకు ఏ ఇబ్బందీ లేదు.

ఇంత విద్య ఉచితంగా, పైథాన్‌తోపాటే దొరుకుతుంటే మన దగ్గర జరుగుతున్నదేంటి? డబ్బిచ్చి కొనుక్కొచ్చే రెడీమేడ్ ఫైనలియర్ ప్రాజెక్టులు విప్పి చూడండి. ప్రతి ఫంక్షన్ మొదట్లో గ్లోబల్, గ్లోబల్, గ్లోబల్. 11.75 ఐదు ఫైళ్లలో, ఒకదాంట్లో 11.57. నివేదిక ఫైలు దారి ఎవడిదో లాప్‌టాప్‌లో సీ డ్రైవు, వాడి పేరుతో సహా! ఒకే పార్సర్ నాలుగు మాడ్యూళ్లలో నాలుగుసార్లు కాపీ, అదీ ఇంపోర్ట్ చేయగానే నడిచేలా. టెస్టు నడిపేవాడు టెస్టు కోసం ఇచ్చిన ఆప్షను ఆ పార్సర్‌కు అర్థంకాక ప్రోగ్రాం మొత్తం మూసుకుపోతుంది. పైగా దీనికి బంగారు అక్షరాల బైండింగు. పిల్లలను తిట్టి లాభం లేదండీ, చూసి నేర్చుకోవడానికి మంచి కోడు చేతికిచ్చినవాడేడీ?

కాకినాడ, భీమవరం, రాజమండ్రి ప్రాజెక్టు గైడ్లకు నాదొక్క మనవి. వైవాలో స్లైడ్లు పక్కన పెట్టించండి. ఒకే టెస్టులో మెయిన్‌ను రెండుసార్లు పిలవమనండి, మొదట స్థాయి 1తో, వెంటనే స్థాయి 3తో. రెండోసారి మూడు డెల్టాలూ 17 లక్షలు అనాలి. ఒక్కటి 10 దగ్గరే నిలబడినా ఆ రోజు మార్కులు వెయ్యకండి, ఆ ఇంపోర్ట్ లైను దగ్గర కూర్చోబెట్టి దిద్దించండి.