పొలుసు, పులుసు

మా హిందీ ఊళ్లోని దయాల్‌బంద్‌లో ఆదివారం చేపలమ్మే అతను రోహూను తూకం వేశాక ఒకే మాట అడుగుతాడు: ‘ఛీల్ దూఁ?’, పైది తీసెయ్యనా అని. పక్కన కూరల బండి దగ్గర బంగాళాదుంపకూ అదే మాట, బఠాణీకీ అదే, వెల్లుల్లికీ అదే. అమ్మ ఉన్నంతకాలం ఆ మాట మా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

అమ్మ లెక్కలో చేపకు పొలుసు గీకాలి, రొయ్యలు ఒలవాలి, సొరకాయకు చెక్కు తీయాలి, నానిన మినప్పప్పుకు పొట్టు కడగాలి. వేళ్లతో ఊడి వచ్చేదైతే ఒలవడం. కత్తి పెడితే తప్ప రానిది చెక్కు. నీళ్లలో తేలిపోయేది పొట్టు. అరటికాయకు చెక్కు తీస్తాం, అదే పండితే ఒలుస్తాం. చెట్టు ఒకటే, గెల ఒకటే, పండేసరికి క్రియ మారిపోయింది! అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడంటాం గానీ, అరటికాయ చెక్కు తీసి పెట్టినట్టని ఎవరూ అనరు. నిఘంటువులు తిరగేస్తే వలుచు, ఒలుచు అని రెండు రూపాలూ కనిపిస్తాయి. మా ఇంట్లో ఒలుచుదే రాజ్యం.

పొలుసు పద్ధతి వేరు. తోక నుంచి తలకు, ఎదురు గీకితేనే లేస్తుంది. వాలుగకూ జెల్లకూ ఆ బెడద లేదు, వాటికి పొలుసే ఉండదు. ఉన్నదల్లా జిగురు, దానికి బూడిద. చిన్నప్పుడు నాకు పొలుసు, పులుసు ఒకటేననిపించేది. పొలుసు తీసిన చేతితోనే అమ్మ పులుసు పెట్టేది మరి.

తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరికి వచ్చి రైల్వేలో ఖలాసీగా చేరాడు. అప్పట్లో అది బెంగాల్ నాగపూర్ రైల్వే, ఆ కంపెనీ 1887లో పుట్టింది. 1931లో విజయనగరం–రాయపూర్ లైను పూర్తయ్యాక మావాళ్లకు ఈ దారి దగ్గరైంది. ఆవిరింజను బాయిలర్లో కఠినజలం మరిగి మరిగి గొట్టాలకు తెల్లటి పెచ్చు కడుతుంది. సున్నం, మెగ్నీషియం లవణాలు. అది పేరుకుంటే వేడి నీటికి సరిగా అందదు, బొగ్గు దండగ. ఆ పెచ్చు వదిలించడమే తాత పని. దాన్ని ఆయన ‘స్కేలు’ అనేవాడు. చేప పొలుసుకూ ఇంగ్లీషులో అదే మాటని నాన్న చెబితే అమ్మ, ‘అయితే మామయ్యగారు ఇంజన్లకు పొలుసు గీకేవారన్నమాట’ అని నవ్వింది. ఆ స్కేలూ, గుడ్డుకో గవ్వకో ఉండే షెల్లూ చుట్టాలేనట. పీల్ సంగతి మరీ చిత్రం: వెంట్రుకలను ఊడబెరకడం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. నారింజ తొక్క తీస్తూ జుట్టు పీకుతున్నామని ఎవరు మాత్రం అనుకుంటారు! (ఊకదంపుడు అనేరు, అందులోనూ ఊకే ఉంది.)

ఇప్పుడు మా అమ్మాయి ‘వెల్లుల్లి ఛీల్ చెయ్యనా?’ అంటుంది. నేనూ దిద్దడం మానేశాను, పని జరిగితే చాలని. నిన్న మాత్రం ఉడికిన గుడ్డు చేతిలో పట్టుకుని, ‘దీనికేమనాలి అమ్మా, ఒలవాలా, చెక్కు తీయాలా?’ అని అడిగింది.

‘పెంకు తీయడం’ అన్నాను. అని, గిన్నెలో రెండో గుడ్డు అందుకున్నాను. కత్తి అక్కర్లేదు, వేళ్లతోనే వచ్చేస్తోంది. అమ్మ దీన్ని ఒలవడం అనేదా? ఎంత ఆలోచించినా ఆమె గొంతు వినిపించలేదు.