ఓదార్పును కాదన్న వాదన

భగత్ సింగ్ రాసిన ‘నేను నాస్తికుణ్ణి ఎందుకయ్యాను’ను చాలామంది అతని తెగువ కోసం చదువుతారు. నాకైతే అందులో వాదన అల్లిన తీరంటేనే మోజు. 1930 అక్టోబరు మొదట్లో, లాహోర్ జైల్లో రాశాడు. తీర్పు ఇంకా రాలేదు, ఏం వస్తుందో మాత్రం తెలుసు. అప్పటికి ఇరవై మూడేళ్లు నిండాయంతే.

దేవుడు లేడన్న మాటతో మొదలుపెట్టడు. నీది ఒట్టి అహంకారమని తోటివాళ్లు వేసిన నిందతో మొదలుపెడతాడు. మనిషినే కదా, కొంత ఉండొచ్చని ముందే ఒప్పేసుకుంటాడు. ఆ తర్వాతే మెలిక పెడతాడు: అహం తలకెక్కినవాడు తానే దేవుణ్ణనుకుంటాడు, లేదా దేవుడికి పోటీదారుననుకుంటాడు. ఎలా అనుకున్నా దేవుణ్ణి నమ్మినట్టే! నిందను గట్టిగా తోసెయ్యకుండా, దాని కాళ్ల కింది నేలనే లాగేశాడు.

సృష్టి, కర్మ, పూర్వజన్మల మీద వేసిన ప్రశ్నల్లో పదునుంది కానీ, ఆ భాగం ఏ హేతువాది రాసినా ఇంచుమించు అలాగే ఉండేది. అసలు పనితనం మరోచోట ఉంది. దేవుడు ఎందుకు కావాలి అన్నదానికి ఎదుటివాళ్లకున్న బలమైన జవాబు ఓదార్పు. దాన్ని అతను చులకన చెయ్యడు. నమ్మకం కష్టాన్ని తేలిక చేస్తుందనీ, నమ్మకం లేనివాడు తన కాళ్ల మీదే నిలబడాలనీ, తుఫానులో అది మాటలు కాదనీ తానే రాస్తాడు. హిందువుకు మరుజన్మలో రాజుగా పుట్టే ఆశ ఉంది, ముస్లిముకూ క్రైస్తవుడికీ స్వర్గసుఖాల ఊహ ఉంది. మరి తనకో? ఉరి బిగిసి, కాళ్ల కింద పలకలు తప్పుకున్న క్షణమే ఆఖరిది. ఆ పైన ఏమీ లేదు. ఎదుటివాడి సరుకు ఎంత విలువైందో తూచి చూపించి మరీ వద్దనడం తేలిక కాదు.

ఓదార్పు వద్దన్న ఈ మాటకు బలమిచ్చేది 1927 మేలో జరిగిన అతని అరెస్టు. పోలీసులు ఒకపక్క ఉరి పేరు చెప్పి బెదిరించారు, మరోపక్క రోజూ ప్రార్థన చేసుకోమని నచ్చజెప్పారు. నా నాస్తికత్వం సుఖంగా ఉన్న రోజులకేనా అని అతను తనను తాను ప్రశ్నించుకున్నాడు. ప్రార్థన మాత్రం చెయ్యలేదు. అలాగని ప్రార్థించినవాళ్లను కించపరచడు. కాకోరీ రైలు దోపిడీ కేసులో ఉరెక్కిన నలుగురు విప్లవకారులూ ఆఖరి రోజు ప్రార్థనలోనే గడిపారని గౌరవంగా గుర్తుచేస్తాడు. అక్కడ ఒక్క ఎత్తిపొడుపు మాట పడినా వ్యాసం చప్పబడిపోయేది.

చివరి రోజుల్లో నువ్వూ నమ్ముతావులే అని ఒక మిత్రుడు అన్నాడట. అలా చేస్తే తనకది దిగజారుడేనని జవాబిచ్చాడు. 1931 మార్చి 23న ఉరి తీశారు. వ్యాసం అచ్చయింది ఆ ఏడు సెప్టెంబరు 27న, లాహోర్ పత్రిక ‘ది పీపుల్’లో. ఇకముందు జరగబోయేదిగా అతను రాసిన ఆ పలకల మాట, మొదటి పాఠకుల చేతికి అందేసరికే జరిగిపోయి ఆరు నెలలు.