ప్రాణహిత ఒడ్డున రెండు పరిశోధనలు

ప్రాణహిత-గోదావరి లోయలోని కోట శిలాస్తరం జురాసిక్ కాలం నాటిది. అందులో రెండు భారీ శాకాహార డైనోసార్లు దొరికాయి. మహారాష్ట్రలోని సిరోంచ ప్రాంతంలో, పోచంపల్లి దగ్గర బయటపడింది బరపాసారస్. తెలంగాణ వైపు, నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడింది కోటాసారస్. శిల ఒకటే అయినా దాన్ని చదివిన తీరులు వేరు.

బరపాసారస్ ఒక సంస్థ కృషి. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపకుడు మహలనోబిస్ పిలుపు మీద వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ ఆ సంస్థలో శిలాజ పరిశోధనకు పునాది వేశారు. అక్కడి బృందానికి కనీసం ఆరు జంతువుల ఎముకలు, సుమారు 300 దొరికాయి. పక్కనే శిలాజాలైన పెద్ద పెద్ద మానులు ఉండటంతో, వరద ముంచెత్తి ఉంటుందని ఊహించగలిగారు. 1975లో జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీ కలిసి ఆ డైనోసార్‌కు పేరు పెట్టారు.

కోటాసారస్ పరిశోధన ఒక మనిషి దీక్షతో సాగింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి కనీసం 12 జంతువులకు చెందిన 840 అస్థి భాగాలను పరిశీలించి, 1988లో పేరు పెట్టారు. 2001లో అస్థి నిర్మాణమంతా తానే వర్ణించారు.

రెండింటికీ కొన్ని పళ్లు తప్ప పుర్రె దొరకలేదు. అందుకే మిగిలిన ఎముకల వర్ణనే ప్రాణం. బరపాసారస్ వెన్నుపూసల్లో బరువు తగ్గించే గుంతలున్నాయి. కోటాసారస్ తుంటి, తొడ ఎముకల్లో పూర్వీకుల లక్షణాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఒకే శిలాస్తరంలో పరిణామపు రెండు మెట్లు కనిపించడం అపురూపం. ఈ పోలిక సాధ్యమైంది సవివరమైన వర్ణనల వల్లే.

పేరు పెట్టాక కోటాసారస్ వర్ణనకు యాదగిరి 13 ఏళ్లు తీసుకున్నారు. బరపాసారస్ సమగ్ర వర్ణన 2010లో, అంటే పేరు పెట్టిన 35 ఏళ్లకు వచ్చింది. ఆలస్యం చిన్నదేమీ కాదు. అంతకాలం ప్రపంచ పరిశోధకులు క్లుప్త వివరాలతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అయితే 2010 వ్యాసం రాసిన నలుగురిలో 1975 నాటివారు ఒక్కరూ లేరు. ఎముకలు భద్రంగా ఉన్నందువల్లే తర్వాతి తరం ఆ పని పూర్తి చేయగలిగింది. వేగంలో యాదగిరిది పైచేయి. కొనసాగింపులో కలకత్తా సంస్థది.

నా తీర్పు ఒకటే. శిలాజ శాస్త్రవేత్త గొప్పతనాన్ని తవ్వి తీసిన ఎముకల సంఖ్యతోనో, పెట్టిన పేరుతోనో కొలవకూడదు. ఇతరులు పరీక్షించి, విభేదించేందుకు వీలుగా రాసిపెట్టిన వర్ణనే అసలైన కొలమానం. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరాన్ని చూసే ప్రతి ఒక్కరూ దాని వెనకున్న ఆ రాతపనిని కూడా గౌరవించాలి.