మానవాత్మను పోషించుట: త్రివిభజన బోధపై ఒక పరిశీలన

మన తెలుగు సంఘాల ఉజ్జీవ కూటాల్లోను, ఇంటింటి ప్రార్థనల్లోను తరచుగా వినబడే బోధ ఒకటున్నది. మనిషి ఆత్మ, ప్రాణం, శరీరం అనే మూడు వేర్వేరు భాగాలు కలవాడు. దేవుడు సహవాసం చేసేది ఆత్మతోనే. ఆలోచన, భావోద్వేగం, చిత్తం ప్రాణానికి చెందినవి గనుక వాటిని నమ్మరాదు. విశ్వాసి తన ఆత్మను గుర్తెరిగి, దానిని సాధన చేసి, దానిలోనే జీవించాలి. మేము సేవ చేస్తున్న పోచంపల్లి ప్రాంతపు చిన్న సంఘాలకు కూడ ఈ బోధ చేరింది. దీనిలో మేలు ఏమిటి, లోపం ఏమిటి, మగ్గం మీదను పొలంలోను బ్రతికే విశ్వాసులకు ఇది ఏమి చేస్తున్నది అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిస్తాము.

ఈ బోధకు విస్తృతమైన రూపం ఇచ్చినవాడు చైనా దేశపు బోధకుడు వాచ్‌మన్ నీ (1903–1972). ఆయన 1928లో చైనా భాషలో ప్రచురించిన 'ద స్పిరిచ్యువల్ మ్యాన్' 1968లో ఆంగ్లంలోకి వచ్చింది. వేల్స్ దేశపు రచయిత్రి జెస్సీ పెన్-లూయిస్ ప్రభావం దానిపై స్పష్టంగా ఉన్నది. మనస్సాక్షి, అంతర్బోధ, దేవునితో సహవాసం ఆత్మ చేసే పనులని, మనస్సు, భావోద్వేగం, చిత్తం ప్రాణం చేసే పనులని ఆయన విభజించాడు. ఆయన సహచరుడు విట్నెస్ లీ (1905–1997) 'ఆత్మను సాధన చేయుట' అనే అంశాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లాడు.

ముందుగా మేలును ఒప్పుకోవాలి. తరతరాలుగా క్రైస్తవులమై, ఆదివారం ఆరాధన ఒక అలవాటుగా మారిన సంఘాలకు 'నీలో దేవునికి జవాబిచ్చే స్థలం ఒకటున్నది, దానిని ఎండిపోనియ్యవద్దు' అని ఈ బోధ గుర్తుచేసింది. మానవాత్మ ఉన్నదని వాక్యం కూడ చెబుతున్నది. సామెతలు 20:27 దానిని దేవుని దీపంతో పోలుస్తుంది. రోమా 8:16లో దేవుని ఆత్మ మన ఆత్మతో కలిసి సాక్ష్యమిస్తాడు. పైగా మనస్సును నిష్క్రియంగా వదిలివేయడం ప్రమాదమని నీ స్వయంగా హెచ్చరించాడు. ఆయన పేరుతో బోధించే అనేకులు ఈ హెచ్చరికను విడిచిపెడతారు. కాబట్టి మానవాత్మ ఉన్నదా లేదా అన్నది మా ప్రశ్న కాదు. దానిని మిగతా మనిషి నుండి వేరుచేసి పోషించగలమా అన్నదే మా ప్రశ్న.

ఈ విభజనకు ఆధారంగా చూపే ముఖ్య వచనాలు రెండు: 1 థెస్సలొనీక 5:23, హెబ్రీ 4:12. మొదటిదానిలో పౌలు చేస్తున్నది ఆశీర్వాద ప్రార్థన. మనిషి ఏ అంశమూ మిగలకుండా సంపూర్ణంగా కాపాడబడాలన్నదే అందులోని భారం. మార్కు 12:30లో ప్రభువు హృదయం, ఆత్మ, వివేకం, బలం అని నాలుగు చెప్పినప్పుడు మనిషికి నాలుగు భాగాలున్నాయని ఎవరూ సిద్ధాంతం కట్టలేదు. రెండవ వచనంలో వాక్య ఖడ్గం ఎంత లోతుకు దూరుతుందో చెప్పబడింది గాని, మనిషి భాగాల పట్టిక ఇవ్వబడలేదు.

తెలుగు చదువరికి ఇక్కడ మరొక చిక్కున్నది. గ్రీకులో 'ప్స్యూఖే' అనే ఒకే మాటను మన పాత తెలుగు బైబిలు 1 థెస్సలొనీక 5:23లో 'జీవము' అని, హెబ్రీ 4:12లో 'ప్రాణము' అని, మత్తయి 10:28లో 'ఆత్మ' అని అనువదించింది. ఆదికాండము 2:7లో దానికి సమానమైన హెబ్రీ మాటకు 'జీవాత్మ' అని వాడింది. ఆయా సందర్భాలను బట్టి చేసిన ఈ అనువాదాలను మేము తప్పు పట్టడం లేదు. అయితే తెలుగు మాటల మీద మాత్రమే ఆధారపడి 'ఇది ఆత్మ, అది ప్రాణం' అని గీత గీసే బోధకుడు మూలంలో లేని గోడ కడుతున్నాడు.

యోహాను సువార్త ఈ గోడను నిలువనియ్యదు. 12:27లో ప్రభువు ప్రాణం కలవరపడింది. 13:21లో ఆయన ఆత్మలో కలవరపడ్డాడు. గ్రీకులో రెండు చోట్లా క్రియాపదం ఒక్కటే. కలవరం ప్రాణానికి చెందిన బలహీనత, ఆత్మ దానికి అతీతమైనది అని చెప్పేవారు ఈ రెండు వచనాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇక మన ప్రజల చెవులను గూర్చి ఆలోచించాలి. మనం 'ఆత్మ' అన్నప్పుడు వినేవారికి ఎన్ని అర్థాలు తోస్తాయి? ఆత్మగౌరవం, ఆత్మవిశ్వాసం, ఆత్మకథ అనే మాటల్లో ఆత్మ అంటే 'తాను'. వేదాంత సంప్రదాయంలో అది దేహం నశించినా మార్పులేక నిలిచేది, సుఖదుఃఖాలు అంటనిది. పల్లె మాటల్లో చనిపోయినవారి ఆత్మ తిరుగుతుందన్న భయమున్నది. త్రివిభజన బోధ ఈ నేల మీద పడినప్పుడు సులభంగా రెండవ అర్థంతో కలిసిపోతుంది. అప్పుడు క్రైస్తవ పదజాలంతోనే దుఃఖం అంటని ఆత్మను బోధిస్తాము. శరీరధారియైన ప్రభువు, శరీర పునరుత్థానం పక్కకు జరిగిపోతాయి.

హెబ్రీ మాట 'రూఆఖ్' అంటే గాలి, ఊపిరి, ఆత్మ. మన పల్లెల్లో 'గాలి సోకింది' అన్నప్పుడు వీచే గాలిని, కనబడని శక్తిని ఒకే మాటతో చెబుతాము గనుక ఈ విస్తృతి మనకు కొత్త కాదు. పాత నిబంధనలో మనుష్యుని రూఆఖ్ ఎప్పుడు కుంగుతుంది, ఎప్పుడు తేరుకుంటుంది అని చూడండి. నిర్గమ 6:9లో మోషే విడుదల వార్త తెచ్చినప్పుడు ఇశ్రాయేలీయులు వినలేదు. కారణం రెండు మాటల్లో ఉన్నది: కఠిన దాసత్వం, 'కురుచైన రూఆఖ్'. గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క తగ్గించని యజమాని క్రింద వారి ఊపిరి కురుచైపోయింది. ఆదికాండము 45:27లో యోసేపు పంపిన బండ్లను చూచి యాకోబు రూఆఖ్ తేరుకున్నది. తెలుగు బైబిలు ఇక్కడ 'ప్రాణము' అన్నది. 1 సమూయేలు 30:12లో మూడు దినాలు పస్తున్న ఐగుప్తీయునికి అన్నపానాలు పెట్టిన తరువాత అతని రూఆఖ్ తిరిగివచ్చింది. జర్మను పండితుడు హాన్స్ వాల్టర్ వోల్ఫ్ తన పాత నిబంధన మానవశాస్త్ర గ్రంథంలో (1973) చూపినట్లు, ఈ మాటలు మనిషిలోని వేర్వేరు భాగాలను కాక, సంపూర్ణ మనిషిని వేర్వేరు వైపుల నుండి చూపుతాయి.

కురుచైన ఊపిరి అంటే ఏమిటో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సంఘాలకు ఎవరూ వివరించనక్కరలేదు. నిజాం పాలనలో వెట్టి చాకిరి అనుభవించిన తరాల పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలవారు ఆయనను 80 ఎకరాల భూమి అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆ ఉద్యమం దేశమంతటా ఎంతవరకు ఫలించిందన్నది వేరే చర్చ. మా దృష్టి ఆ అడిగినవారి మీద ఉన్నది. తలవంచి నిలబడడానికి అలవాటు చేయబడినవారు పదిమంది ఎదుట 'మాకు భూమి కావాలి' అని చెప్పగలగడాన్ని ఏ భాగం క్రింద చేర్చాలి? అది ప్రాణసంబంధమైన కోరిక మాత్రమే అంటే, నిర్గమ 6:9ని మనం చదవలేదన్నమాట. మానవాత్మ నిటారుగా నిలబడుటలో అది ఒక అడుగు.

నిర్గమ 35వ అధ్యాయం దీనిని మరింత స్పష్టం చేస్తుంది. 21వ వచనంలో హృదయం రేపబడినవారు, రూఆఖ్ ప్రేరేపించినవారు గుడారం పనికి కానుకలు తెచ్చారు. 25, 26 వచనాల్లో స్త్రీలు తమ చేతులతో నూలు వడికారు. 31వ వచనంలో బెసలేలు దేవుని ఆత్మతో నింపబడినందుకు గురుతు అతని నేర్పు. 35వ వచనపు పనివారి జాబితాలో నేతగాడు కూడ ఉన్నాడు. ఆత్మ, హృదయం, బుద్ధి, చేయి ఒకే పనిలో కలిశాయి.

ఇక్కత్ నేత ఎరిగినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. నూలును ఆసు మీద పోసి, లెక్క ప్రకారం గురుతులు పెట్టి, కట్టి, రంగులో ముంచి, విప్పి, మగ్గం మీదికి తెస్తారు. లెక్క ఒక్క పోగు తప్పితే పువ్వు చెదిరిపోతుంది. ఆసు పోయడంలో ఒక్క చీరకు చేతిని వేలసార్లు ఆడించాలి. ఈ పని ఎక్కువగా స్త్రీలదే. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. తల్లి నొప్పికి కదలిన మనస్సును, యంత్రాన్ని ఊహించిన బుద్ధిని 'ప్రాణసంబంధమైనవి' అని కొట్టివేసే బోధ సృష్టికర్త వరాలను తక్కువ చేస్తున్నది.

కాపరి పరిచర్యలో ఈ బోధ చేసే హాని మూడు విధాలుగా కనబడుతుంది. మొదటిది, దుఃఖితులకు. అప్పుల్లో మునిగి నిద్రపట్టని నేతగాడు వస్తే 'అది నీ ప్రాణంలోని కలవరం, ఆత్మలోనికి వెళ్లు' అంటారు. 1990లలోను 2000ల తొలి సంవత్సరాల్లోను ఎందరో చేనేత కార్మికులు ఆత్మహత్య చేసుకున్న రాష్ట్రంలో ఈ జవాబు ప్రాణాపాయకరం. అతనికి ప్రార్థనతోపాటు వైద్యుడు, అప్పు విషయంలో సలహా, పక్కన కూర్చునే మనిషి అవసరం. రెండవది, విద్యార్థులకు. గ్రీకు, హెబ్రీ చదవడం, ప్రసంగానికి సిద్ధపడడం మనస్సుకు చెందిన పనులని చిన్నచూపు కలుగుతుంది. పౌలు మాత్రం ఆత్మతోను మనస్సుతోను ప్రార్థిస్తానన్నాడు (1 కొరింథీ 14:15). మూడవది, సంఘానికి. 'నా ఆత్మలో నాకు తెలిసింది' అన్న నాయకుని మాటను ఎవరూ పరీక్షించలేరు. ప్రశ్నించినవాడు ప్రాణసంబంధి అవుతాడు. ప్రవక్తల మాటను సైతం ఇతరులు వివేచించాలని పౌలు ఆజ్ఞ (1 కొరింథీ 14:29).

సంఘ చరిత్ర కూడ మనకు బుద్ధి చెబుతుంది. నాలుగవ శతాబ్దంలో లవొదికయ బిషప్పు అపొల్లినారిస్ క్రీస్తులో మానవ మనస్సు స్థానాన్ని దేవుని వాక్కే తీసుకున్నదని బోధించాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ బోధను తిరస్కరించింది. క్రీస్తు ధరించని అంశం స్వస్థపడలేదన్నది గ్రెగరీ నజియాంజస్ వాదన. వాచ్‌మన్ నీ ఆ దుర్బోధ చేశాడని మేము అనడం లేదు. అయితే ప్రభువు మనస్సును, కన్నీటిని, ఆకలిని తనవిగా చేసుకొని రక్షించగా, మనం వాటిని ఆత్మీయ జీవితానికి వెలుపల ఉంచుట తగదు.

దీనికి ఎదురుగా మరొక తప్పున్నది. భూమి, కూలి, హక్కులు దొరికితే చాలు, ప్రార్థన దానంతట అదే వస్తుందనుకొనుట. అన్నం తిన్న ఐగుప్తీయుని ఊపిరి తిరిగివచ్చింది గాని, రొట్టెవలన మాత్రమే మనిషి జీవించడు. దేవుని ఎదుట మౌనంగా నిలువలేని సంఘ సేవ కొద్ది ఏండ్లలో అలసిపోతుంది.

అట్లయితే మానవాత్మను ఎట్లు పోషించాలి? మా సూచనలు కొన్ని. కీర్తనల్లోని విలాపాలను ఆరాధనలో బిగ్గరగా చదవాలి. దుఃఖానికి దేవుని సన్నిధిలో చోటున్నదని విశ్వాసులకు తెలుస్తుంది. మగ్గం గుంటలోను పొలం గట్టు మీదను చేయగల చిన్న ప్రార్థనలు నేర్పాలి. రాత్రి కూటానికి రాలేని స్త్రీలకు అవి మరింత అవసరం. వారానికొక దినం చేతులకు విశ్రాంతి ఇవ్వడం ఆత్మీయ శిక్షణ అని బోధించాలి. ప్రభురాత్రి భోజనంలో రొట్టెను, ఆకలిని కలిపి మాట్లాడాలి. అంతర్బోధ కలిగిందన్నవారి మాటను ఇద్దరు ముగ్గురు పెద్దలు వాక్యంతో పరీక్షించే అలవాటు ఉండాలి. ప్రతి కాపరి తన సంఘంలో ఎవరి ఊపిరి కురుచైందో, ఎందువలన కురుచైందో పేరుపేరున ఎరిగి ఉండాలి.

ఒక్క విషయం మరువరాదు. నిర్గమ 6:9లో ప్రజలు వినలేకపోయినందుకు దేవుడు వారిని గద్దించలేదు. తరువాతి వచనాల్లో ఆయన మోషేను ఫరో యొద్దకు పంపుతాడు. కురుచైన ఆత్మకు దేవుడిచ్చిన జవాబు అది. మన ఆత్మీయ బోధ ఆ జవాబుతో ఏకీభవిస్తున్నదా లేదా అని ప్రతి కాపరి, ప్రతి వేదాంత విద్యార్థి పరీక్షించుకోవాలని కోరుతున్నాము.