అట్టడుగున ఏముంది? నాగార్జునుడి స్వభావ పరీక్ష, నేటి మౌలికతా చర్చ

ఉన్నవాటిలో ఏది దేనిమీద ఆధారపడి ఉంది, ఆ ఆధారపడటం ఎక్కడైనా ఆగుతుందా అన్నది మౌలికత గురించిన ప్రశ్న. ఇక్కడ ఆధారమంటే మామూలు కార్యకారణ సంబంధం కాదు. విత్తు చెట్టుకు కారణం. చెట్టు ఎదిగాక విత్తు లేకపోయినా చెట్టు ఉంటుంది. కుండకూ మట్టికీ ఉన్న సంబంధం వేరు. మట్టి లేని క్షణాన కుండా లేదు. ఈ రెండో రకం సంబంధాన్ని నేటి తత్త్వవేత్తలు ‘గ్రౌండింగ్’ అంటున్నారు. 2001లో కిట్ ఫైన్, 2009లో జొనాథన్ షాఫర్ ప్రచురించిన వ్యాసాలు దానిని చర్చ నడిమధ్యకు తెచ్చాయి. దేనిమీదా ఆధారపడనిది మౌలికం. తక్కినదంతా దాని ఆసరాతో నిలిచింది.

అలాంటి అడుగు ఒకటి ఉండి తీరాలని చాలామందికి తోస్తుంది. ప్రతివాడూ మరొకడి దగ్గర బదులు తెచ్చే ఇస్తున్నాడంటే, ఎవరో ఒకరి దగ్గర సొంత సొమ్ము ఉండాలి కదా అన్నది ఆ వాదానికి ప్రాణం. వైశేషిక దర్శనకారులు ఇదే పట్టుదలతో పరమాణువు దగ్గర ఆగారు. విభజనకు అంతు లేకపోతే ఆవగింజలోనూ మేరుపర్వతంలోనూ అవయవాలు అనంతమే అవుతాయి, అప్పుడు రెండింటి పరిమాణమూ ఒకటే కావాలి అన్నారు. (అనంతాల గణితం చదివినవారికి ఇందులో కన్నం వెంటనే కనిపిస్తుంది: బిందువుల లెక్క సమానమైనంత మాత్రాన గీతల పొడవు సమానం కాదు.) బౌద్ధ అభిధర్మ పండితులు ఇంకాస్త నేర్పుగా గీత గీశారు. పగలగొడితేనో, బుద్ధితో విడదీస్తేనో ఏ వస్తువు గురించిన భావన మాయమవుతుందో అది వ్యవహారం కోసం పెట్టుకున్న పేరు, ప్రజ్ఞప్తిసత్తు. ఎంత విడదీసినా మిగిలేది ద్రవ్యసత్తు. కుండ మొదటి రకం. దాని రూపం, స్పర్శ వంటి ధర్మాలు రెండో రకం. వసుబంధుడు అభిధర్మకోశంలో ఈ పరీక్షను స్పష్టంగా రాసిపెట్టాడు. అతనికంటే ముందే, ద్రవ్యసత్తుకు స్వభావం, అంటే సొంతంగా నిలిచే తత్త్వం, ఉందన్న అభిధర్మ సిద్ధాంతాన్ని మాధ్యమిక బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు పట్టుకుని నిలదీశాడు.

సంప్రదాయం నాగార్జునుడిని కృష్ణా లోయతో ముడిపెడుతుంది. నల్లగొండ జిల్లా దక్షిణపు అంచున నది దాటితే కనిపించిన ఆ లోయ ఇక్ష్వాకు రాజుల శాసనాల్లో శ్రీపర్వతం, విజయపురి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నీళ్ళు నిండేలోపు, 1954 నుంచి 1960 వరకు, పురావస్తు శాఖ అక్కడ విస్తృతంగా తవ్వకాలు చేసింది. అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే బౌద్ధ శాఖలవారు పక్కపక్కనే విహారాలు కట్టుకున్నట్టు శాసనాలు చెబుతాయి. 2016 వరకు నల్లగొండ జిల్లాలోనే ఉన్న ఫణిగిరిలో ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనాసంవత్సరపు శాసనం దొరికింది. అంటే మెట్టసీమ లోపలిదాకా బౌద్ధం పాకింది. ఒకరితో ఒకరు పొసగని ఇన్ని శాఖలు కూతవేటు దూరంలో బతికిన చోట, ఎదుటివాడి మాటతోనే ఎదుటివాడిని కట్టేసే తర్కం పదునెక్కడం వింతేమీ కాదు.

ఆ తర్కం నాగార్జునుడి మూలమధ్యమకకారికలో ఉంది. 27 ప్రకరణాలు, సుమారు 450 కారికలు. దాని పద్ధతికి ప్రసంగమని పేరు. నాగార్జునుడు తన సిద్ధాంతాన్ని ముందుకు తోయడు. ప్రతిపక్షి ఇచ్చిన నిర్వచనాన్నే తీసుకుని, దానివల్ల ప్రతిపక్షికే ఇష్టంలేని ఫలితం వస్తుందని చూపిస్తాడు. పదిహేనో ప్రకరణంలో స్వభావానికి రెండు షరతులు పెట్టాడు: అది ఎవరూ చేసినది కాకూడదు, మరొకదాన్ని ఆశ్రయించకూడదు. నేటి మౌలికతకు షాఫర్ వంటివారు చెప్పే అర్థం దీనికి ఎంత దగ్గరో గమనించాలి. ఇక పరీక్ష మొదలవుతుంది. హేతుప్రత్యయాల (కారణాలు, తోడ్పడే పరిస్థితుల) వల్ల పుట్టినది చేయబడినదే, కనుక దానికి స్వభావం లేదు. పుట్టనే లేదంటే అది మారదు, దేనినీ మార్చదు. అలాంటిది ఈ లోకాన్ని ఎలా నిలబెడుతుంది?

దీనికి తోడు చతుష్కోటి. మొదటి ప్రకరణంలోనే వస్తువు తనలోంచి పుట్టిందా, పరం నుంచా, రెండింటి నుంచా, ఏ కారణమూ లేకుండానా అని నాలుగు దారులూ తెరిచి నాలుగింటినీ మూస్తాడు. ఎదుటివాడు తప్పించుకోవడానికి సందు ఉండదు. పదో ప్రకరణంలోని అగ్ని, ఇంధనాల విచారణ నేటి చర్చకు మరీ ముఖ్యమైనది. నిప్పు కట్టెమీద ఆధారపడింది, సరే. అయితే మండనిదాన్ని ఇంధనమని ఎలా అంటారు? ఆధారం రెండువైపులా నడుస్తుంటే ఏది పైపొర, ఏది అడుగుపొర?

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. నాగార్జునుడు ఏమీ లేదన్నాడని కొందరు, అడుగులేని అనంతమైన మెట్లు ఉన్నాయన్నాడని మరికొందరు చెబుతారు. రెండూ సరికావు. ఇరవైనాలుగో ప్రకరణంలో అతను ప్రతీత్యసముత్పాదాన్నే, అంటే ప్రతిదీ ఇతరాల మీద ఆధారపడి పుట్టడాన్నే, శూన్యత (స్వభావం లేకపోవడం) అన్నాడు, ఆ శూన్యత కూడా ఆధారపడి చెప్పుకునే మాటేనని చేర్చాడు. శూన్యతే కొత్త అడుగుగా మారే ప్రమాదం అక్కడితో తప్పింది. అతని మరో గ్రంథం విగ్రహవ్యావర్తనిలో ఒక గట్టి ఎదురుప్రశ్నకు జవాబు ఉంది: అన్నీ శూన్యమైతే ఆ మాటా శూన్యమే కదా? తనకు ప్రతిజ్ఞ (నిలబెట్టాల్సిన సిద్ధాంతం) అంటూ లేదని నాగార్జునుడి సమాధానం. మాధ్యమికుడు తన సొంత వాదం పెట్టాలా, ప్రసంగంతోనే ఆగాలా అన్నదాని మీద తర్వాతి మాధ్యమిక పండితులు భావవివేకుడు, చంద్రకీర్తి పేర్లతో ముడిపడిన చీలిక శతాబ్దాలు సాగింది.

విజ్ఞానశాస్త్రంలో మౌలికత ప్రశ్న కణాల దగ్గర మొదలవుతుంది. 1958లో తత్త్వవేత్తలు ఓపెన్‌హైమ్, పట్నమ్ సమాజాల నుంచి ప్రాథమిక కణాల దాకా పొరలు పేర్చి, ప్రతి పొరనూ కిందిదానికి కుదించవచ్చన్నారు. 1972లో భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ దానికి అడ్డుచెప్పాడు: కింది సూత్రాలు తెలిసినంత మాత్రాన పై పొరను కట్టుకుంటూ రాలేము. నల్లగొండ తాగునీటి ఫ్లోరైడ్ కథలో ఇది కళ్ళకు కడుతుంది. గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడ్ నీటిలో కరిగి, ఎముకల ఖనిజంలో చేరి, కీళ్ళను బిగించేస్తుంది. అంతా అణువుల పనే. కానీ జబ్బు ఎవరికి, ఎంత తీవ్రంగా వస్తుందన్నది బోరు లోతు, ఎండలో తాగే నీళ్ళు, తిండిలోని కాల్షియం వంటివాటిని బట్టి ఉంటుంది. ఆ ఫ్లోరైడే కొద్ది మోతాదులో పంటికి మేలు చేస్తుంది. విషత్వం దానిలో సొంతంగా కూర్చున్న గుణం కాదు. పటిక, సున్నం కలిపి తేర్చే ‘నల్లగొండ టెక్నిక్’ను నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ఆ పద్ధతి పనిచేయడానికి క్వార్కుల లెక్క ఎవరికీ అవసరం పడలేదు.

కణాల దగ్గరకే వెళ్ళినా స్థిరమైన నేల సులువుగా దొరకదు. ప్రోటాన్ ద్రవ్యరాశిలో క్వార్కుల సొంత ద్రవ్యరాశి వాటా సుమారు ఒక శాతమే. తక్కినది వాటి కదలిక, పరస్పర బంధాల శక్తి. తత్త్వవేత్తలు లేడీమన్, రాస్ 2007లో వస్తువులను పక్కనపెట్టి సంబంధాల నిర్మాణమే అసలుదన్నారు. క్వాంటం సిద్ధాంతానికి సంబంధాత్మక వ్యాఖ్యానం చెప్పిన భౌతిక శాస్త్రవేత్త కార్లో రోవెల్లీ 2020లో వచ్చిన ‘హెల్గోలాండ్’లో నాగార్జునుడిని పేరుపెట్టి తలచుకున్నాడు. ఈ పోలికను మరీ సాగదీయకూడదు. నాగార్జునుడి వాదం ఏ ప్రయోగం మీదా నిలబడలేదు, కనుక ఏ ప్రయోగమూ దాన్ని రుజువు చేయదు. పైగా సంబంధాలే మౌలికమంటే, సంబంధించే వస్తువులు లేని సంబంధం ఎలాంటిదని మాధ్యమికుడు అదే ప్రశ్న తిప్పి వేస్తాడు. విశ్వం మొత్తమే ఏకైక మౌలిక వస్తువన్న షాఫర్ 2010 నాటి అద్వయవాదానికీ ఆ ప్రశ్న తప్పదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. స్వతంత్రతే మౌలికత అనుకున్నంతవరకే దాని దెబ్బ తగులుతుంది. మౌలికతకు మరో నిర్వచనం కూడా వాడుకలో ఉంది: తక్కిన లోకమంతటినీ నిర్ణయించడానికి చాలే అతి చిన్న సముదాయం ఏదో అది మౌలికం. ఆ సముదాయంలోని అంశాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడినా ఈ నిర్వచనానికి ఇబ్బంది లేదు. నిప్పూ కట్టే జంటగానే అందులో చేరవచ్చు. భౌతిక శాస్త్రం వెతుకుతున్నది ఎక్కువగా ఇలాంటి చిన్న జాబితానే. ఆ జాబితా మనుషుల వివరణా సౌకర్యాన్ని వదిలి దానంతటదే ఒక్కటిగా తేలుతుందని చూపగలిగితే మాధ్యమికుడు కొత్త తర్కం వెతుక్కోవాలి. చూపలేకపోతే, అది కూడా ప్రజ్ఞప్తిసత్తేనని అతను అంటాడు. యాన్ వెస్టర్‌హాఫ్, మార్క్ సిడెరిట్స్ వంటి పండితుల రచనల్లో నేటి వివాదం ఈ మలుపు చుట్టూనే తిరుగుతోంది.