హరికథయందలి ఆశుహాస్యము

హరికథావాఙ్మయమును గూర్చి మన విశ్వవిద్యాలయములందు జరిగిన విచారణలో ఒక లోటు కానవచ్చుచున్నది. ముద్రితమైన కథను ముందిడుకొని, అందలి ఛందస్సును, రాగతాళములను, పురాణమూలమును పరిశీలించుట మనకు పరిపాటి. ఆ పరిశీలన అవసరమే. కాని అర్ధరాత్రి దాటువఱకు సభను కదలనీయక కూర్చుండబెట్టినది ఆ ముద్రితభాగము మాత్రమే కాదని హరికథ విన్నవారందఱికిని తెలియును. కీర్తనకును కీర్తనకును నడుమ కథకుడు సభను చూచి అప్పటికప్పుడు పలికిన మాట, ఆ మాట పుట్టించిన నవ్వు, ఆ నవ్వునుండి మరల కథకు మరలిన తీరు, ఇవి పుస్తకమున లేవు. పుస్తకమున లేనిది విమర్శకు లొంగదని మనము నిశ్చయించుకొన్నట్లున్నది. ఆ నిశ్చయము సరికాదని నా వాదము.

ఈ విచారణకు విజయనగరము తగిన క్షేత్రము. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ గ్రామమున జన్మించి, 1883లో విజయనగరమున కుప్పుస్వామినాయుడుగారి హరికథ విని, ఆ ప్రేరణతో ధ్రువచరిత్రము రచించి హరికథకులైరి. 1892లో అదే పట్టణమున జగన్నాథ విలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును ప్రదర్శించిరి. ఇద్దఱును ఆనందగజపతి ఆదరము పొందినవారే. అయితే గిరీశము మాట 1897లో అచ్చుపడి, 1909లో పెంపుచేయబడి, నేటికిని తరగతిగదిలో చర్చకు వచ్చుచున్నది. దాసుగారు ఏ సభలో ఎవరిని చూచి ఏమనిరో, ఆ మాటకు సభ యెట్లు పగులబడి నవ్వెనో మనకు దక్కలేదు. దక్కినవి యథార్థరామాయణము, రుక్మిణీకల్యాణము మున్నగు గ్రంథములు. ఒకే ఊరి రెండు హాస్యములలో ఒకదానికి విమర్శగ్రంథముల వరుస కలదు. రెండవదానికి కొన్ని చాటుకథలు మాత్రము మిగిలినవి.

ఆశువనగానే శూన్యమునుండి పుట్టినదని భ్రమించరాదు. కావ్యహేతువులను చెప్పుచు మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడింటిని విడివిడి కారణములుగా గాక కలిపి ఒకే కారణముగా పరిగణించినాడు. హరికథకునియందు ఈ కలయిక కంటికి కనబడును. శిష్యుడు గురువు వెనుక నిలిచి, వెనుకపాట పాడుచు, ఒకే కథను పది ఊళ్లలో పది విధములుగా వినును. కీర్తన మారదు, పద్యము మారదు, మాట మారును. ఏది మారవచ్చునో ఏది మారరాదో అతనికి ఆ వినుకలిలోనే తెలియును. కాలిగజ్జె తాళము తప్పకుండ పలుకువఱకు, చేతి చిరుతలు మనస్సుతో నిమిత్తము లేక నడచువఱకు అతడు నోరు విప్పి స్వతంత్రముగ మాటాడుటకు అర్హుడు కాడు. తాళము దేహమునకు అప్పగింపబడిన పిమ్మటనే బుద్ధికి సభను చూచు తీరిక కలుగును.

నారాయణదాసుగారు రెండు చేతులతోను, రెండు పాదములతోను, శిరస్సుతోను ఐదు తాళముల నేకకాలమున నడిపి పంచముఖీపరమేశ్వరు లనిపించుకొన్నట్లు ప్రసిద్ధి. దీనిని ఒక వింతగా చెప్పి విడుచుట మన అలవాటు. నాకు మాత్రము అది ఆయన వాచికమునకు పునాది యని తోచుచున్నది. ఆయన అష్టావధానములు చేసినవారు కూడ. అవధానమున అప్రస్తుతప్రసంగి అడ్డువచ్చి వేసిన ప్రశ్నకు నవ్వు పుట్టునట్లు బదులు చెప్పుచునే, సగములో నిలిచిన పద్యమును, నిషిద్ధాక్షరిని మనస్సున మోయవలయును. ధారణ గట్టిగ నున్నవానికే చమత్కారము చెల్లును. ధారణ లేనివాడు నవ్వించబోయి పద్యమును పోగొట్టుకొనును. హరికథలో పద్యమునకు బదులు కథ కలదు, అప్రస్తుతప్రసంగికి బదులు సభ యంతయు కలదు. అంతే భేదము.

రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని విభజించినాడు. మొదటిది కవిది, రెండవది సహృదయునిది. ఆశుహాస్యమున ఈ రెండును ఒక్కనియందే, ఒక్క క్షణముననే పనిచేయవలయును. తాను పలికినదానికి సభ యెట్లు స్పందించెనో గ్రహించుట తరువాతి మాటకు కారణమగుచున్నది. రాజశేఖరుని విభాగమునకు ఇట్టి ఉదాహరణము కావ్యమున దొరకదు.

ఒక సందర్భమును ఊహింతము. రుక్మిణీకల్యాణము జరుగుచున్నది. కృష్ణుడు రుక్మిణిని రథమెక్కించుకొని పోవుచుండగా సభలో ఒక పసివాడు బిగ్గరగా ఏడ్చినాడు. కథకుడు ఆగి, "శిశుపాలుని పెండ్లి చెడినదని ఈ బాబుకెంత దుఃఖమో చూచితిరా! మగపెండ్లివారి తరఫు కాబోలు" అన్నాడు. సభ నవ్వినది, తల్లి నవ్వినది, మార్దంగికుడు ఒక్క దెబ్బ వేసినాడు. ఇది సామాన్యమైన చమత్కారమే. అయినను దీని నిర్మాణమును గమనింపుడు. ఏడుపు కథకు వెలుపలిది. దానిని కథ లోపలికి తెచ్చి, అచ్చట ఖాళీగా నున్న చోటనే కూర్చుండబెట్టినాడు. శిశుపాలుని పక్షమున దుఃఖించువాడు ఆ ఘట్టమున నిజముగనే కావలయును. తల్లి నొచ్చుకొనలేదు, ఏలయనగా బిడ్డకు పాత్ర లభించినది, నింద గాదు. మఱి కొంతసేపటికి రుక్మికి కృష్ణుడు తలగొరిగిన ఘట్టము వచ్చును. అప్పటికి పసివాడు నిదురించినాడు. కథకుడు అటు చూచి, "మగపెండ్లివారు కూడ సమాధానపడిరి" అన్నచో, ఆ రెండవ నవ్వు మొదటిదానికంటె పెద్దది. మొదటి మాట కథకుని చురుకును చూపినది. రెండవ మాట అతని ధారణను చూపినది. సభ ఆనందించునది తన జ్ఞాపకమును అతని జ్ఞాపకముతో కలిసినందుకు.

పిట్టకథకు కూడ ఇదియే న్యాయము. అది ప్రధానకథనుండి ఎంత దూరమైనను పోవచ్చును. తిరిగివచ్చునపుడు ఏదైన తీసికొని రావలయును. హాస్యము వలన హరికథ చెడినదనియు, సినిమాపాటలు, చవుకబారు ముచ్చట్లు చేరి భక్తి పలుచబడినదనియు పెద్దలు కొందఱు విచారింతురు. ఆ విచారము నిరాధారము కాదు. కాని వారు దోషమును నవ్వునందు వెదకుచున్నారు, అది మరలుటయందున్నది. సినిమాపాట పాడుట దోషము గాదు, పాడి అచ్చటనే యుండిపోవుట దోషము. భరతుడు పూర్వరంగమున త్రిగతమును విధించి, విదూషకుని అసంబద్ధభాషణముతో సూత్రధారునకు చిఱునవ్వు పుట్టించినాడు. వీథ్యంగములలో వాక్కేలికి స్థానమిచ్చినాడు. దేవతాస్తుతికి చేరువనే నవ్వును నిలుపుటకు ఆయన సంకోచింపలేదు.

శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల తూర్పుభాగవతమునందు ఇదే విద్య ఇద్దఱి నడుమ పంచబడినది. సత్యభామ కృష్ణునికి లేఖ పంపదలచును. మాధవి భర్త పేరు చెప్పుమనును. పేరు చెప్పుటకు సత్యభామ సిగ్గుపడును. లేఖ తీసికొనిపోవుటకు మాధవి ముక్కెర యడుగును. ఈ మెట్లు నియతములు. మెట్టుమీద ఎంతసేపు నిలువవలయునన్నది నియతము కాదు. సత్యభామ దరువులోని ప్రౌఢభాషకు మాధవి ఊరి మాటతో బదులు చెప్పుచుండగా, మద్దెలవాడు కూడ మూడవ వక్తయగును. ఇచ్చట ఒకరి మాటను మఱొకరు త్రోసిపుచ్చిరేని ఆట ఆగిపోవును. ఎదుటివారు ఇచ్చినదానిని పట్టుకొని దానికి మఱొకటి చేర్చవలయును.

అమెరికాలో ఆశునాటకమును అభ్యసించువారు సరిగా ఈ నియమమునే మొదటి పాఠముగా చెప్పుకొందురు. వయోలా స్పోలిన్ బాలుర ఆటలనుండి నటశిక్షణ పద్ధతిని కల్పించి 1963లో గ్రంథముగా ప్రకటించినది. 1967లో డెల్ క్లోస్ ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో బృందమైన 'కమిటీ' 'హెరాల్డ్' అను దీర్ఘరూపమును ప్రదర్శించినది. ప్రేక్షకు లిచ్చిన ఒక్క మాటను బీజముగ గొని, సంబంధము లేనట్లు తోచు కొన్ని దృశ్యములను కల్పించి, వానిని మరల మరల తెచ్చి తుదకు ఒకదానితో ఒకటి ముడివేయుట దాని లక్షణము. మన పసివాని రెండవ ప్రస్తావనవంటి పునరాగమనమే అందు ప్రాణము. భేదము మఱొకచోట కలదు. హెరాల్డునందు రూపము తెలియును, కథ తెలియదు. హరికథలో కథ పసివారికి కూడ తెలియును. కథకుడు దానిని ఎచ్చట విడుచునో తెలియదు. కావున వారి సభ 'ఏమగును' అని ఎదురుచూచును. మన సభ 'ఎట్లు వచ్చును' అని ఎదురుచూచును. ఇందులో రెండవదానికే ఎక్కువ ధారణ కావలయునని నా అభిప్రాయము. దీనిని కాదనువారు ఉందురు.

1919లో విజయనగరమున సంగీతపాఠశాల ఏర్పడినపుడు నారాయణదాసుగారు తొలి అధ్యక్షులైరి; 1936లో ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ పదవిని స్వీకరించిరి. పాఠశాలయందు స్వరమునకు పాఠక్రమ మేర్పడును, పరీక్ష యేర్పడును. సభను చూచి మాటాడుటకు పాఠక్రమమును వ్రాయుట కష్టము. గురువు వెనుక నిలుచు రాత్రులు తగ్గినకొలది ఆ భాగము ముందుగా క్షీణించును.

పరిశోధక విద్యార్థులు చేయదగిన పని యొకటి కలదు. ఒకే కథకుని ఒకే కథను వేర్వేరు గ్రామములలో కనీసము ఐదుమార్లు ధ్వనిముద్రణము చేసి, ముద్రితపాఠముతో సరిపోల్చి, స్థిరభాగమును, చరభాగమును వేఱుపఱుపవలయును. చరభాగమున ఎంత పూర్వసిద్ధమైన నిలువసొమ్మో, ఎంత ఆనాటిదో అపుడు గాని తేలదు. నా అంచనాలో నిలువసొమ్మే ఎక్కువ యుండును. ఏ సొమ్మును ఎపుడు వెచ్చించెనన్నదే విమర్శకు విషయము. ఒక్క జాగ్రత్త. ఇట్టి ముద్రణములలో గాయకుని గళము స్పష్టముగ వచ్చుటకై సభ సవ్వడిని అణచివేయుదురు. రెండవ యంత్రమును సభ నడుమ, ఆడవారును పిల్లలును కూర్చుండు చోట నుంచవలయును.