ఎర్రతోలు డేరాలో కవిత్వానికి తూకం

తాయిఫ్ సమీపంలోని ఉకాజ్, ఇస్లాంకు ముందునాటి అరబ్బుల పెద్ద సంత. ఏటా జుల్‌ఖాదా నెలలో సరుకుల బేరాలతో పాటు అక్కడ కవిత్వానికీ విలువ కట్టేవారు. ఆ పని 6వ శతాబ్దపు కవి నాబిగా జుబ్యానీది. ఆయనకు ఎర్రతోలు డేరా వేసేవారనీ, కవులు అందులోకి వచ్చి వినిపించి తీర్పు కోరేవారనీ సంప్రదాయ కథనం.

కవి హస్సాన్ బిన్ సాబిత్ తన వంశాన్ని పొగుడుకున్న పద్యంపై నాబిగా చేశాడనే విమర్శ చాలా ప్రసిద్ధం. అతిథుల గిన్నెలకు వాడిన బహువచనం కొద్దిపాటి సంఖ్యనే చెబుతుందట. అవి పగలు కాక రాత్రి మెరిస్తే ఎక్కువమంది వచ్చినట్టు. కత్తుల నుంచి నెత్తురు బొట్లుగా కారితే చాలదు, పారాలి. పైగా కన్నబిడ్డల గొప్ప చెప్పాడే గానీ కన్నవారిది చెప్పలేదు. ఉత్త మెచ్చుకోలూ కాదు, తెగడ్తా కాదు. మాటమాటకూ కారణం చూపడం. విమర్శకుడి పనితనమంతా అదే. ఈ కథ తర్వాతివారు అల్లిందని శంకించిన పండితులూ ఉన్నారు. 10వ శతాబ్దంలో విమర్శకుడు ఖుదామా బిన్ జాఫర్ హస్సాన్ పక్షాన నిలిచి ఈ విమర్శనే విమర్శించాడు.

8వ శతాబ్దంలో ఆగిపోయిన సంతను 2007లో సాంస్కృతికోత్సవంగా పునరుద్ధరించారు. కవులకు పోటీ, బహుమతి మళ్లీ వచ్చాయి.